పిల్లి వాసన లేని చోటు

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయంలో, యాక్ పాంక్సెప్ అనే నాడీశాస్త్రవేత్త ఎలుకపిల్లల ఆటను ఏళ్ళ తరబడి గమనించి లెక్కగట్టాడు. ఒకే ఈడు పిల్లలు రెండింటిని కొంతకాలం విడివిడిగా ఉంచి, తర్వాత ఒకే పెట్టెలోకి వదిలేవాడు. ఒంటరిగా ఉండి ఆటకు మొహం వాచిన పిల్లలు క్షణం ఆగవు. ఒకటి వెనకనుంచి వచ్చి రెండోదాని మెడ మీద ముట్టెతో పొడుస్తుంది. అది గిరుక్కున తిరిగి వెల్లకిలా పడుతుంది. మీదికెక్కింది దాన్ని అదిమిపెడుతుంది. అంతలోనే కిందది పైకి, పైది కిందికి. ఎన్నిసార్లు దూకాయి, ఎన్నిసార్లు వెల్లకిలా పడ్డాయి అని లెక్కపెడితే ఆటకు ఒక కొలత దొరుకుతుంది.

ఆ పెట్టెలో ఒకసారి పిల్లి వెంట్రుకల చిన్న కుచ్చు పెట్టారు. ఆ ఎలుకలు ప్రయోగశాలలో పుట్టి అక్కడే పెరిగినవి. పిల్లి ఎలా ఉంటుందో వాటికి తెలియదు. అయినా ఆట ఆగిపోయింది. కాస్త తగ్గడం కాదు, పూర్తిగా ఆగిపోయింది. పిల్లలు ముక్కులు ఎగరేస్తూ, ఒళ్ళు నేలకు ఆనించి జాగ్రత్తగా కదలడం మొదలుపెట్టాయి. మర్నాడు కుచ్చు తీసేశారు. పెట్టెలో ఇప్పుడు భయపడాల్సిందేమీ లేదు. కానీ ఆట మళ్ళీ మామూలు స్థాయికి రావడానికి రోజులు పట్టింది.

ఒత్తిడితో నలిగిపోతున్న పెద్దవాళ్ళ గురించి మాట్లాడుకోవడానికి ఇంతకన్నా మంచి ప్రారంభం నాకు కనిపించదు. అలాంటివాళ్ళకు చుట్టుపక్కలవాళ్ళు ఇచ్చే సలహా ఒకటుంటుంది: అంత సీరియస్‌గా ఉండకు, చిన్నపిల్లల్లా సరదాగా ఉండు. ఆ సలహా విన్నాక మనిషి మరింత కుంగుతాడు, ఎందుకంటే సరదాగా ఉండటం కూడా తనకు చేతకాలేదన్నమాట. ఎలుకల దగ్గర నేర్చుకోవాల్సింది ఇక్కడే ఉంది. ఆ రోజులన్నిట్లో వాటిలో ఆడే శక్తి ఎక్కడికీ పోలేదు. అది అణిగి ఉంది, అంతే. వాటిని ఆడమని బతిమాలి ప్రయోజనం లేదు. వాసన పోవాలి, పోయిందన్న నమ్మకం కుదరాలి.

ఆ శక్తి ఎంత లోతుగా పాతుకుని ఉందో పాంక్సెప్ బృందం మరో ప్రయోగంతో చూపించింది. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల మెదడు పైపొరను తొలగించి పెంచారు. ఆలోచనకూ ముందుచూపుకూ ఆధారమైన పొర అది. అది లేకపోయినా ఆ పిల్లలు ఆడాయి, దూకాయి, కుస్తీ పట్టాయి. అంటే ఆట తీరిక దొరికినప్పుడు మెదడు చేసుకునే విలాసం కాదు. భయం, కోపం, మమకారం లాగా మెదడు అడుగు అరల్లో పుట్టుకతో ఉండేది. పాలిచ్చే జంతువులన్నిటికీ పునాదిగా ఉండే ఏడు భావోద్వేగ వ్యవస్థల్లో ఆటను ఒకటిగా పాంక్సెప్ నిలబెట్టాడు. 1990ల చివర్లో ఆయనా ఆయన విద్యార్థులూ ఎలుకలకు చక్కిలిగింతలు పెట్టి, గబ్బిలాల ధ్వనులను పట్టే పరికరంతో విన్నారు. మన చెవి 20 వేల హెర్ట్జ్ దాటితే వినలేదు. ఎలుకలు 50 వేల హెర్ట్జ్ దగ్గర కిచకిచలాడుతున్నాయి, చక్కిలిగింతలు పెట్టిన చేతి వెంట పరుగులు పెడుతున్నాయి. ఎలుకలు నవ్వుతాయంటే తోటి శాస్త్రవేత్తలు చాలాకాలం ఒప్పుకోలేదు.

ఆ పనిని తర్వాత బెర్లిన్‌లో మైఖేల్ బ్రెష్ట్ బృందం ముందుకు తీసుకెళ్ళింది. 2016లో వాళ్ళు ఒక చిన్న మార్పు చేశారు. ఎలుకను ఎత్తైన బల్ల మీద, గట్టి వెలుతురులో నిలబెట్టి చక్కిలిగింతలు పెట్టారు. అదే చెయ్యి, అవే వేళ్ళు. కిచకిచలు తగ్గిపోయాయి. స్పర్శను గ్రహించే మెదడు భాగంలో కణాల స్పందన కూడా తగ్గింది. 2023లో ఇదే ప్రయోగశాల నడిమెదడులో, ద్రవనాళం చుట్టూ ఉండే బూడిదరంగు కణజాలంలో, ఆటకూ చక్కిలిగింతలకూ స్పందించే భాగాన్ని గుర్తించింది. ఆ భాగం పనిచేయకుండా ఆపితే ఆట తగ్గింది. ఆపద వస్తే పారిపోవాలా, బిగుసుకుపోవాలా అని నడిపించేది కూడా ఈ కణజాలమే. ఆటా భయమూ అంత దగ్గరి ఇరుగుపొరుగులు. ఒకటి గొంతు పెంచితే రెండోది నోరు మూసుకోవడంలో ఆశ్చర్యం లేదు.

టెన్నెసీ విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ బర్గార్ట్, జంతువులు ఆడుతున్నాయని ఎప్పుడు చెప్పవచ్చో తేల్చడానికి ఐదు గుర్తులు చెప్పాడు. చేసే పనికి అక్కడికక్కడ ప్రయోజనం ఉండకూడదు, తనంతట తానుగా, ఇష్టంతో చేయాలి, అసలు పనికన్నా రూపంలో తేడాగా, అతిగానో అసంపూర్తిగానో ఉండాలి, మళ్ళీమళ్ళీ చేయాలి. ఐదోదే మనకు ముఖ్యం: ఆ జంతువు కడుపు నిండి, ఒంట్లో బాగుండి, బెదురు లేకుండా ఉండాలి.

ఆట చిన్నవాళ్ళదేనా అన్న ప్రశ్నకు బర్గార్ట్ పరిశోధనలోనే ఒక మంచి జవాబు ఉంది. వాషింగ్టన్ జాతీయ జంతుప్రదర్శనశాలలో పిగ్‌ఫేస్ అనే నైలునది తాబేలు ఉండేది. అక్కడే అర్ధశతాబ్దం బతికింది. ఒంటరిగా తొట్టిలో ఉండి ఉండి, తన మెడను తానే గోళ్ళతో గీరుకుని, కరుచుకుని గాయాలు చేసుకునేది. దానికి బంతులూ, కర్రలూ, ఒక వలయమూ ఇచ్చారు. ముసలి తాబేలు బంతిని ముక్కుతో తోసింది, వలయంలోంచి దూరింది, గొట్టంతో నీళ్ళు పోస్తుంటే దాన్ని లాగింది. తనను తాను గాయపరచుకోవడం బాగా తగ్గింది. సరీసృపాలు ఆడవన్న నమ్మకం చాలామంది జీవశాస్త్రవేత్తలకు ఆ తాబేలు వల్లనే సడలింది. 2022లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో లార్స్ చిట్కా బృందం తుమ్మెదలు సైతం చిన్న చెక్కబంతులను దొర్లిస్తాయని చూపింది. తేనె లేదు, బహుమతి లేదు. ఒక తుమ్మెద ఏకంగా 117 సార్లు దొర్లించింది.

అయినా చాలా జంతువుల్లో వయసు వచ్చేకొద్దీ ఆట సన్నగిల్లుతుందన్నది నిజం. మినహాయింపులను చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. 1959లో సోవియట్ శాస్త్రవేత్త ద్మిత్రి బెల్యాయెవ్ సైబీరియాలో వెండినక్కల పెంపకం మొదలుపెట్టాడు. ల్యుద్మీలా త్రూత్ దాన్ని దశాబ్దాలపాటు నడిపింది. తరతరానికీ మనుషులంటే బెదరని నక్కలను మాత్రమే ఎంచి పిల్లలు పెట్టనిచ్చారు. ఆటకోసం ఎవరూ ఎంపిక చేయలేదు. బెదురు తగ్గినకొద్దీ నక్కలు పెద్దయ్యాక కూడా పిల్లల్లా తోకలు ఊపుతూ, మూలుగుతూ, మనుషులతో ఆడసాగాయి. తోడేలుతో పోలిస్తే కుక్క కథా ఇదే. మనిషిని కూడా ఈ వరసలో నిలబెట్టేవాళ్ళు జీవశాస్త్రంలో చాలామంది ఉన్నారు: బాల్యలక్షణాలను ముదిమి దాకా మోసుకెళ్ళే జంతువు మనిషి. నాకు ఈ వాదన నచ్చుతుంది. మనవడితో సమానంగా అష్టాచమ్మాలో పావుల కోసం పోట్లాడే తాతను చూసినవాళ్ళెవరూ దీన్ని కాదనరు.

మనిషికి చిక్కు మరోచోట ఉంది. జీబ్రాను సింహం తరిమితే రెండు నిమిషాల్లో ఏదో ఒకటి తేలిపోతుంది. బతికితే మళ్ళీ గడ్డి మేస్తుంది. మనం ఈఎంఐ గురించి ముప్పై ఏళ్ళు ఆందోళన పడగలం. నాడీశాస్త్రవేత్త రాబర్ట్ సపోల్‌స్కీ 1994 నాటి తన పుస్తకంలో వివరించిన సంగతి సారాంశం ఇదే. ఆపద ఊహ చాలు, అడ్రినలిన్ ఎగబాకుతుంది, వెనకే కార్టిసాల్ వస్తుంది. యేల్ విశ్వవిద్యాలయంలో ఎమీ ఆర్న్‌స్టెన్ చేసిన పరిశోధన ప్రకారం, మన అదుపులో లేని ఒత్తిడి ముందరి మెదడులోని కణాల మధ్య సంబంధాలను నిమిషాల్లో బలహీనపరుస్తుంది. పగ్గాలు పాత అలవాట్ల చేతికి పోతాయి. అప్పుడు మనిషి కొత్తదారి వెతకడు, తెలిసిన దారిలోనే పరిగెడతాడు.

పిల్లి వెంట్రుకల కుచ్చు ఇప్పుడు మన జేబులో ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి బిడ్డతో దాగుడుమూతలాడుతూ తలుపు వెనక నక్కిన తండ్రి జేబులో ఫోను ఒక్కసారి వణుకుతుంది. ఆఫీసు గ్రూపులో మేనేజర్ పెట్టిన మెసేజి. అతను చదవను కూడా చదవడు, పేరు మాత్రమే చూస్తాడు. బిడ్డ వచ్చి పట్టుకున్నప్పుడు నవ్వుతాడు కానీ మనసు అక్కడ ఉండదు. పిల్లలు దాన్ని ఎంత త్వరగా పసిగడతారో తల్లిదండ్రులందరికీ తెలుసు. "నాన్నా, నువ్వు సరిగ్గా ఆడట్లేదు" అంటారు. అది తప్పులేని రోగనిర్ధారణ.

పెద్దయ్యాక ఆటను పోగొట్టుకుని మళ్ళీ తెచ్చుకున్నవాళ్ళలో, ఆ దారిని స్వయంగా వివరంగా చెప్పినవాడు భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్. 1945 జూన్‌లో ఆయన భార్య ఆర్లీన్ క్షయతో చనిపోయింది. ఆ ఆగస్టులో, తయారీలో ఆయన కూడా పాలుపంచుకున్న అణుబాంబులు జపాన్ మీద పడ్డాయి. అదే ఏడు కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగంలో చేరాడు. మరుసటి ఏడు తండ్రి పోయాడు. పాఠాలు చెప్పగలుగుతున్నాడు కానీ పరిశోధన దగ్గరికి వచ్చేసరికి కలం కదలడం లేదు. లైబ్రరీలో కూర్చుని అరేబియన్ నైట్స్ కథలు చదువుకునేవాడు. తను కాలిపోయాననీ, ఇక తనవల్ల ఏమీ కాదనీ తీర్మానించుకున్నాడు. ఆ సమయంలోనే పెద్దపెద్ద సంస్థలు పిలిచి ఉద్యోగాలు ఇస్తామన్నాయి. అవి ఆయన్ను మరింత భయపెట్టాయి. వాళ్ళు ఆశిస్తున్న మనిషి తనలో లేడు.

అప్పుడు ప్రయోగశాల అధిపతి రాబర్ట్ విల్సన్ పిలిచి ఒక మాట చెప్పాడు. ఒక ప్రొఫెసర్‌ను తీసుకున్నప్పుడు అతను ఏం సాధిస్తాడన్న పూచీ మాదే, పాఠాలు బాగా చెబుతున్నావు, అది చాలు, ఏం చేయాలన్న బెంగ నీకు అక్కర్లేదు అన్నది ఆ మాట సారం. ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది విల్సన్‌ను వదిలేస్తారు. నా దృష్టిలో అసలు మలుపు అక్కడే ఉంది. ఫైన్‌మన్ మనసులోంచి కుచ్చు తీసి అవతల పారేసినవాడు ఆయనే.

ఆ బరువు దిగాక ఫైన్‌మన్‌కు ఒక సంగతి గుర్తొచ్చింది. స్కూలు రోజుల్లో కుళాయి నీటిధార కిందికి వచ్చేకొద్దీ సన్నబడటం చూసి, ఆ వంపు ఎలా ఏర్పడుతుందో లెక్కగట్టాడు. ఎవరూ అడగలేదు. ఆ సంగతి అప్పటికే ఎవరో కనిపెట్టి ఉండొచ్చు కూడా. తోచింది గనక చేశాడు. మళ్ళీ అలాగే చేస్తాను, దేనికి పనికొస్తుందన్న ప్రశ్న వేసుకోను అనుకున్నాడు. కొద్దిరోజులకే కార్నెల్ ఫలహారశాలలో ఎవరో కుర్రాడు సరదాకి ఒక పళ్ళెం గాల్లోకి విసిరాడు. పళ్ళెం తిరుగుతోంది, తిరుగుతూ ఊగుతోంది కూడా. దాని మీది విశ్వవిద్యాలయ ముద్ర ఒక వేగంతో చుట్టు తిరుగుతుంటే ఊగడం ఇంకో వేగంతో సాగుతోంది. ఆ రెండింటికీ లెక్క ఏమిటని కూర్చున్నాడు. వంపు స్వల్పంగా ఉన్నప్పుడు ముద్ర ఒక చుట్టు తిరిగేలోపు పళ్ళెం రెండుసార్లు ఊగుతుంది. (ఆయన జ్ఞాపకాల పుస్తకంలో ఈ నిష్పత్తి తలకిందులుగా పడింది. తర్వాత భౌతికశాస్త్రవేత్తలు సరిదిద్దారు.) ఫలితం పట్టుకుని సహోద్యోగి హాన్స్ బేథే దగ్గరికి పరిగెత్తాడు. బాగుంది కానీ దీని ప్రాముఖ్యం ఏమిటి అని బేథే అడిగాడు. ఏమీ లేదు, సరదాకి చేశాను అన్నాడు ఫైన్‌మన్.

ఆ ఊగిసలాటనుంచి ఎలక్ట్రాన్ల కదలికకూ, అక్కడినుంచి క్వాంటం విద్యుద్గతిక శాస్త్రానికీ, చివరికి 1965లో టొమొనాగా, ష్వింగర్‌లతో కలిసి నోబెల్ బహుమతికీ దారి సాగింది. ఇక్కడ నేను పాఠకుణ్ణి కాస్త ఆపాలి. ఆడితే నోబెల్ వస్తుందని ఈ కథను అర్థం చేసుకుంటే కథంతా పాడవుతుంది. బహుమతి కోసం పళ్ళేన్ని చూసినవాడికి పళ్ళెం కనబడదు.

ఇది వేదాంతం కాదు, కొలిచి చూసిన సంగతే. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశుపాఠశాలలో చేసిన ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలను ఎంచుకున్నారు. కొందరికి, రంగు పెన్నులతో బొమ్మ గీస్తే బంగారు ముద్రా రిబ్బనూ ఉన్న పత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, గీశాక ఇచ్చారు. కొందరికి ఏమీ లేదు. వారం రెండు వారాల తర్వాత తరగతిలో అవే పెన్నులు బల్ల మీద పెట్టి, ఎవరేం చేస్తారో అద్దం వెనకనుంచి చూశారు. బహుమతి ఆశ చూపించిన పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే సగం సేపే గీశారు. ఇష్టమైన ఆట ఒక్కసారికే కూలిపని అయిపోయింది.

మూడేళ్ళ పిల్లలకు అది ఒక్కసారి జరిగింది. మనకు పాతికేళ్ళపాటు, రోజూ జరిగింది. మార్కులు, ర్యాంకులు, అప్రైజల్ రేటింగులు. అందుకే ఒత్తిడిలో ఉన్న మనిషి ఆట వైపు తిరిగినా దాన్ని కొలతల్లోనే పెడతాడు. నడక మొదలుపెడితే పదివేల అడుగులు. పుస్తకం పడితే ఏడాదికి యాభై. పాట నేర్చుకుంటే మూడో నెలలో యూట్యూబ్ ఛానల్. తీరికను కూడా ఇంకో ఉద్యోగంగా మార్చుకోవడంలో మన తరం ఆరితేరింది. టైము లేకపోవడంకన్నా ఈ లెక్కలే ఆటకు పెద్ద శత్రువని నా నమ్మకం. టైము లేనివాడికి పది నిమిషాలు దొరికితే ఆడతాడు, లెక్కలు వదలనివాడికి పది రోజుల సెలవు దొరికినా ఆడలేడు.

మరి పెద్దల ఆట ఎలా ఉంటుంది? చిన్నపిల్లల ఆటలాగే ఉండాలనుకుంటే పొరపాటు. జర్మనీలో హాలె నగరంలోని మార్టిన్ లూథర్ విశ్వవిద్యాలయంలో రెనె ప్రోయర్ పెద్దల ఆటగుణం మీదనే పనిచేస్తున్నాడు. ఆయన దాన్ని నాలుగు పాయలుగా చూస్తాడు. కొందరు ఎదుటి మనిషితో ఆడతారు, ఉడికిస్తారు, నవ్విస్తారు. కొందరు జీవితాన్నే తేలికగా తీసుకుని అప్పటికప్పుడు తోచినట్టు సాగిపోతారు. కొందరు ఆలోచనలతో, చిక్కుముడులతో ఆడతారు. ఇంకొందరు వింతలను, చిత్రమైనవాటిని వెతుక్కుంటారు. ఒకే మనిషిలో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. నలుగురిలో గంతులు వేయడం ఇష్టంలేని మనిషి తనలో ఆట లేదనుకోనక్కర్లేదు. రోజూ పొద్దున్నే పేపర్లో గళ్ళనుడికట్టు ముందేసుకుని, అడ్డం పదిహేడు కోసం కాఫీ చల్లారబెట్టుకునే రిటైర్డ్ మాస్టారిది ఆటే.

మన సమాజానికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. అందుకే పెద్దవాళ్ళు ఆడటానికి చోట్లు కట్టిపెట్టింది. బావకూ మరదలికీ, వదినకూ ఆడపడుచుకూ మధ్య వేళాకోళం ఆడవచ్చు, ఆడకపోతేనే వెలితి. వరసైనవాళ్ళ మధ్య ఇలాంటి హక్కు ఎన్నో సమాజాల్లో ఉందనీ, రాపిడి పుట్టగల చుట్టరికాల్లో అది శాంతిని కాపాడుతుందనీ మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1940లో వివరించాడు. పెళ్ళితంతు అంతా అయ్యాక, కొత్త దంపతులు బిందెలో చెయ్యి పెట్టి ఉంగరం కోసం పెనుగులాడతారు, చుట్టూ ఉన్న పెద్దలంతా రెండు పక్షాలై అరుస్తారు. రోజంతా బిగుసుకుని కూర్చున్న ఇద్దరు కొత్తవాళ్ళు మొదటిసారి మనస్ఫూర్తిగా నవ్వేది అప్పుడే.

అష్టావధానం చూడండి. ఒక మనిషి బుర్రమీద అంతకన్నా ఒత్తిడి పెట్టడం కష్టం. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు నిషిద్ధాక్షరి. ఇవన్నీ ధారణలో నిలుపుకోవాలి. ఆ మధ్యలోనే అప్రస్తుత ప్రసంగం పేరుతో ఒక పృచ్ఛకుడు అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేసి ఏకాగ్రత చెడగొట్టజూస్తాడు. అవధాని వాటికి చమత్కారంగా బదులిచ్చి సభను నవ్వించి, తిరిగి పద్యంలోకి వెళ్ళిపోతాడు. సభ చుట్టూ ఉంది, ఎదురుగా కూర్చున్నది శత్రువు కాదు, ఇదంతా ఆట అని అందరికీ తెలుసు. ఒత్తిడి అంత ఉన్నా భయం లేదు. డచ్చి చరిత్రకారుడు యోహాన్ హుయిజింగా 1938లో రాసిన పుస్తకంలో ఆట తనకంటూ ఒక హద్దు గీసుకుంటుందనీ, ఆ హద్దులో వేరే నియమాలు నడుస్తాయనీ చెప్పింది ఇటువంటి చోట్ల గురించే.

సంక్రాంతినాడు హైదరాబాదు డాబాల మీదా అదే హద్దు గీసి ఉంటుంది. యాభై ఏళ్ళు దాటిన మనిషి, నిన్నటిదాకా ఫైళ్ళమీద తల ఎత్తనివాడు, పిట్టగోడ దగ్గర నిలబడి గాలిపటం దారాన్ని చూపుడువేలి మీదుగా జారవిడుస్తుంటాడు. వెనక చర్ఖా పట్టుకున్న కొడుకుమీద "ఢీల్ వదులు, ఢీల్ వదులు" అని అరుస్తాడు. పేంచ్ పడింది. మెడ వెనక్కి వంగింది, నోరు తెరుచుకుంది, కళ్ళద్దాలు జారుతున్నాయి, దారం కోసిన వేలినుంచి సన్నగా రక్తం వస్తున్నా చూసుకోడు. ఆ నిమిషంలో ఆయన మెదడును ఏ పరికరంతో చూసినా ఎలుకపిల్లలోని ఆ పాత అర వెలుగుతూ కనిపిస్తుందని నేను ఊహిస్తాను. మిగతా 364 రోజులూ ఆయనకు ఆ పిట్టగోడ లేదు.

ఆ రోజుల కోసం ప్రోయర్ బృందం 533 మందితో ఒక పరీక్ష నడిపింది. ఫలితాలు 2020లో వెలువడ్డాయి. మనుషులకు వారం రోజులపాటు చాలా చిన్న పనులు ఇచ్చారు. కొందరు ఆ రోజు జరిగిన మూడు సరదా సంగతులను పడుకునేముందు రాసుకున్నారు. కొందరు తమలోని ఆటగుణాన్ని రోజుకో కొత్త చోట వాడి చూశారు. కొందరు సరదా క్షణాలు ఎదురైనప్పుడల్లా గమనించి లెక్కపెట్టారు. ఏ ప్రభావమూ ఉండకూడని మామూలు పని ఇచ్చినవాళ్ళతో పోలిస్తే వీళ్ళ ఆటగుణం పెరిగింది, మనసు తేలికపడింది, 12 వారాల తర్వాత చూసినా కొంత నిలిచింది. అద్భుతాలేమీ జరగలేదు. పెద్దవాళ్ళలో ఈ గుణం రాయిలా గట్టిపడిపోయి ఉండదని తేలింది, అది చాలు. అంతకుముందు 2013లో ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన లిన్ బార్నెట్, ఇంకొకరితో కలిసి దాదాపు 900 మంది కాలేజీ విద్యార్థులను పరిశీలించింది. ఆటగుణం ఎక్కువ ఉన్నవాళ్ళు ఒత్తిడి తక్కువ ఉందన్నారు, వచ్చిన కష్టాన్ని తప్పించుకోకుండా ఎదుర్కొనే తీరు వాళ్ళలో ఎక్కువ కనిపించింది. ఆట వల్ల ఒత్తిడి తగ్గిందా, ఒత్తిడి తక్కువ గనక ఆడగలిగారా అన్నది అలాంటి అధ్యయనం తేల్చలేదు. రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయని నేను అనుకుంటాను.

మొదలుపెట్టాల్సిన మనిషికి బెర్లిన్ ఎలుకలే మళ్ళీ దారి చూపిస్తాయి. 2019లో బ్రెష్ట్ బృందం ఎలుకలకు మనిషితో దాగుడుమూతలు నేర్పింది. ముందుగా వాటిని ఆ గదికీ, ఆ మనిషికీ అలవాటు చేశారు. తిండి ఆశ పెట్టలేదు. పట్టుకుంటే చక్కిలిగింతలు, అంతే. కొద్ది వారాల్లో ఎలుకలు దాక్కోవడం, వెతకడం రెండూ నేర్చుకున్నాయి. వెతికేటప్పుడు కిచకిచలాడేవి, దాక్కున్నప్పుడు గప్‌చిప్‌గా ఉండేవి. పారదర్శకంగా ఉన్న పెట్టెకన్నా లోపల కనబడని పెట్టెను ఎంచుకునేవి. దొరికిపోయాక కొన్నిసార్లు పారిపోయి మళ్ళీ దాక్కునేవి, ఆట అయిపోకూడదని.

ఆ వరస మనకూ పనికొస్తుంది: ముందు చోటు, తర్వాత మనిషి, చివరికి ఆట. ఫోను వేరే గదిలో పెట్టిన అరగంట చాలు. నవ్వితే చిన్నచూపు చూడని ఒక్క మనిషి చాలు, చిన్ననాటి స్నేహితుడైతే మరీ మంచిది, ఎందుకంటే అతని ముందు నిలబెట్టుకోవాల్సిన పరువు మనకు ఉండదు. ఇంట్లో పిల్లలుంటే ఆట నియమాలు వాళ్ళకు వదిలేయాలి. బ్యాటు ఎలా పట్టుకోవాలో దిద్దడం మొదలుపెట్టిన క్షణం మీరు కోచ్ అయ్యారు, ఆట పోయింది. ఐదేళ్ళవాడు మిమ్మల్ని గుర్రం అన్నాడు, ఇప్పుడు రైలు అంటున్నాడు. రైలుగా మారడానికి కారణం అడగకూడదు. మొదటి నాలుగు రోజులూ మనసు రాకపోతే బెంగపడనక్కర్లేదు. కుచ్చు తీసేశాక ఎలుకలకూ రోజులు పట్టింది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. రెండు వారాలకు పైగా ఏ పనిలోనూ ఇష్టం కలగక, నిద్రా ఆకలీ చెడి, రోజులు బరువుగా గడుస్తుంటే అది ఆట లేకపోవడం కాదు, కుంగుబాటు జబ్బు కావచ్చు. అప్పుడు గాలిపటాలు వైద్యం చేయవు, డాక్టరు చేస్తారు. కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ సహాయవాణి 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంకా ఒక సంగతి. ఇంతసేపూ మనిషి తన మనసుతో తాను చేసుకోగలిగింది చెప్పాను. వెంట్రుకల కుచ్చు చాలాసార్లు మన చేతిలో ఉండదు, పెట్టె యజమాని చేతిలో ఉంటుంది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన మొట్టమొదటి ఒప్పందమే పనిగంటల మీద: పరిశ్రమల్లో రోజుకు 8, వారానికి 48. వందేళ్ళు దాటాక పన్నెండు గంటల షిఫ్టు చేసి, రెండు గంటలు ట్రాఫిక్‌లో గడిపి వచ్చినవాడికి చిన్నపిల్లాడిలా ఉండమని చెప్పడం క్రూరత్వం. 2019లో మన దేశంలో జరిగిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నట్టు తేలింది. ఆ రెండు వందల నిమిషాలలో ఒక్క అరగంట ఇటునుంచి అటు మారినా ఎంతోమంది ఇల్లాళ్ళ జీవితంలోకి ఆట తిరిగొస్తుంది.

నగరాల్లో పార్కులు ఉన్నాయి కదా అంటారు. వెళ్ళి చూడండి. పిల్లల ఉయ్యాలల పక్కన, పన్నెండేళ్ళు దాటినవాళ్ళు ఎక్కరాదని బోర్డు. పెద్దవాళ్ళకు అవతల ఇనుప వ్యాయామ యంత్రాలు. పెద్దలకు కేలరీలు కరగాలి తప్ప ఊగాలనిపించదని ఎవరో తీర్మానించారు. కోస్తా ఊళ్ళలో అట్లతద్దికి ఊడలమర్రికో చింతకొమ్మకో మోకులు కట్టి ఉయ్యాలలు వేసేవాళ్ళు. పెళ్ళికాని పిల్లలతో పాటు వాళ్ళ అక్కలూ, అమ్మలూ, చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కేవాళ్ళు, ఇద్దరు నిలబడి తొక్కితే కొమ్మ అందేంత ఎత్తుకు లేచేది. ఆ తాళ్ళు పెద్దవాళ్ళ బరువుకే కట్టినవి. మున్సిపాలిటీలు ప్రతి పార్కులోనూ అలాంటివి రెండు, గట్టి ఇనుప దూలాలకు, ఎనభై తొంభై కిలోల మనిషి భయం లేకుండా ఊగేలా వేయాలి. బోర్డు మాత్రం పెట్టకూడదు.